బొటనవేలి కొలత

రేవు వీధి
జూన్ 6

ఒరేయ్ పెద్ద ఆఫీసరూ,

అక్కడ ఫ్యాను కింద కూర్చుని ఊరందరి ఫిర్యాదులూ చదువుతుంటావట కదా. అయితే మీ అక్క ఫిర్యాదు కూడా చదువు. దీనికి స్టాంపు, నంబరు ఏమీ లేవని పక్కన పడేశావంటే ఈసారి వచ్చినప్పుడు చెవి మెలిపెడతాను.

మీ కంపెనీ కొత్త ఇంజను ఈ రేవులో పదకొండు బోట్లకు పెట్టించుకున్నాం. నెలన్నర తిరక్కుండానే నాలుగింటికి ఒకటే జబ్బు. ఇంజనును చల్లబరిచే నీళ్ల పంపు షాఫ్టు పుటుక్కున విరుగుతోంది. చూస్తే చిటికెన వేలంత లావు కూడా లేని ఇనప ఇరుసు. అది విరిగితే నీళ్లు ఆగుతాయి, నీళ్లు ఆగితే ఇంజను కాగిపోయి పట్టేస్తుంది. నీకు నేను చెప్పేదేముంది, మీ బావ చేతికింద నాలుగేళ్లు గ్రీజు పూసుకుని తిరిగినవాడివి.

మొన్న మన బోటుదే విరిగింది. అదృష్టం బాగుండి ఏటిలోనే విరిగింది. అదే ఏరు సముద్రంలో కలిసే మొగ దగ్గర విరిగి ఉంటే ఈ ఉత్తరం వేరేగా ఉండేది. అక్కడ అలలు అడ్డంగా కొడతాయి. పది నిమిషాలు ఇంజను లేకపోతే బోటు పక్కకు తిరిగి బోర్లా పడుతుంది.

బోటు యజమానులంతా ఐస్ ఫ్యాక్టరీ షెడ్డులో కూడారు. ఏం చేద్దాం, ఎవరికి రాద్దాం అని తలలు పట్టుకుంటుంటే నేను లేచి, "మావాడు ఆ కంపెనీలోనే ఉన్నాడు, వాడు చూసుకుంటాడు" అన్నాను. గొడుగు మామైతే, అదే, ఎండైనా వానైనా బోటు మీద గొడుగు వదలని పెద్దాయన, "అయితే మనకేం భయంరా" అని గొడుగు ఎత్తి ఊపాడు. నా మాట నిలబెట్టు.

విరిగిన ముక్కలు నాలుగూ గుడ్డలో చుట్టి పార్సిల్ చేశాను. ఈ పదకొండు ఇంజన్లూ బిగించింది మీ బావే కాబట్టి ఆయనకు నిద్ర పట్టడం లేదు. పైకి మాత్రం ఏమీ అనడు. నోట్లో నాలుక లేని మనిషి అని నీకు తెలిసిందే.

మీ అక్క



ఫ్యాక్టరీ క్వార్టర్లు
జూన్ 19

అక్కా, నీకూ బావకూ నమస్కారాలు.

ముక్కలు అందాయి. అందిన రోజే మా మేనేజరు గది తలుపు తట్టాను. మామూలుగా మాలాంటి టెంపరరీ వాళ్లను ఆయన నిలబెట్టే మాట్లాడతాడు. ఆ రోజు కుర్చీ చూపించి కూర్చోమన్నాడు, టీ కూడా తెప్పించాడు. అరగంట మన రేవు గురించి అడిగాడు. ఏ బోటు ఎంత పొడవు, ఎవరు బిగిస్తారు, ఎలా బిగిస్తారు అని.

నేను ఊరుకుంటానా! మా బావ ముందు మీ పరికరాలు పనికిరావండీ అన్నాను. పంపు బెల్టు బిగువు చూడటానికి మాకిక్కడ గేజీ ఉంది, దాన్ని పెట్టి, ముల్లు చూసి, పుస్తకంలో రాసుకుంటారు. బావ మాత్రం బెల్టు నడిమధ్యన బొటనవేలితో ఒక్క నొక్కు నొక్కి, "చాలు" అంటాడు, అంతే, రెండేళ్లయినా కదలదు అని చెప్పాను. మేనేజరు తెగ ముచ్చటపడి, "ఇదంతా ఒక కాగితం మీద రాసివ్వు, మనకు పనికొస్తుంది" అన్నాడు. రెండు పేజీలు రాసిచ్చాను. బావ సంగతి ఫ్యాక్టరీ రికార్డుకెక్కిందని చెప్పు.

ఈ అక్టోబరు ఆఖరుకు నన్ను పర్మనెంట్ చేస్తారని అనుకుంటున్నారు. ఇప్పుడే ఎవరికీ చెప్పకు.

షాఫ్టుల సంగతి కంపెనీ చూస్తుంది. నువ్వు బెంగపెట్టుకోకు.

తమ్ముడు



రేవు వీధి
జులై 11

తమ్ముడూ,

కంపెనీ చూస్తుందన్నావు. చూస్తూనే ఉన్నట్టుంది. ఇప్పటికి ఏడయ్యాయి. నీ మేనేజరు టీ తాగడం అయిందేమో కనుక్కో.

కంపెనీ మార్చి ఇచ్చిన కొత్త షాఫ్టులు కూడా విరుగుతున్నాయి. చేపలబ్బాయిగారని పిలుస్తామే, యాభై ఏళ్లొచ్చినా ఆ పేరు పోలేదు ఆయనకు, ఆయన బోటును మొన్న మీ బావ తాడు కట్టి లాక్కొచ్చాడు. రెండు అలలు తేడా అయితే రెండు బోట్లూ పోయేవి. ఒడ్డుకొచ్చాక ఆయన మీ బావకు దండం పెట్టాడు. పక్కనున్నవాళ్లు మాత్రం దండం పెట్టలేదు. "బిగించినవాడే కదా లాక్కొచ్చాడు" అని ఒకడన్నాడు. నాకు వినపడాలనే అన్నాడు.

నీకు రాయమని మీ బావ ఒక సంగతి చెప్పాడు. ఆయన చెప్పినట్టే రాస్తున్నాను, అర్థం చేసుకో. ఏడు షాఫ్టులూ ఒకేచోట విరిగాయి. షాఫ్టు చుట్టూ సన్నటి గాడి కోస్తారట కదా, క్లిప్పు కూర్చోవడానికి, సరిగ్గా అక్కడ. మన పాత ఇంజను షాఫ్టు తీసి పక్కన పెట్టాడు. పాతదానికి గాడి అడుగు గుండ్రంగా, నున్నగా ఉంది. కొత్తదానికి గాడి అడుగున మూల కత్తితో కోసినట్టు ఉంది. గోరు పెట్టి గీస్తే పట్టుకుంటోంది. "పగులు ఆ మూల్లోనే మొదలవుతోంది, తిరిగే కొద్దీ లోపలికి పోతోంది, ఈ సంగతి వాడికి రాయి, వాడికి అర్థమవుతుంది" అన్నాడు.

నీకు అర్థమైందా?

మీ అక్క



ఫ్యాక్టరీ క్వార్టర్లు
ఆగస్టు 2

అక్కా,

పని ఒత్తిడి వల్ల జవాబు ఆలస్యమైంది. ఏమీ అనుకోకు.

బావ చెప్పింది పైవాళ్ల దృష్టికి తీసుకెళ్లాను. ఇలాంటివాటికి చాలా కారణాలుంటాయి, ఒక్కటే అని చెప్పలేం. పరిశీలనలో ఉంది. త్వరలో యజమానులందరికీ కంపెనీ నుంచే సర్క్యులర్ వస్తుంది. అందులో ఏమి రాస్తే అది పాటించండి.

ఈలోగా బెల్టులు ఒకసారి చూసుకోమని బావకు చెప్పు.

ఇక్కడ వానలు. నా ఆరోగ్యం బాగానే ఉంది.

తమ్ముడు



రేవు వీధి
ఆగస్టు 20

తమ్ముడికి,

మీ సర్క్యులర్ వచ్చింది. డీజిల్ బంకు గోడకు అంటించారు. డీజిల్‌కు వెళ్లిన ప్రతివాడూ చదువుకుంటున్నాడు, చదువురానివాళ్లకు చదువొచ్చినవాళ్లు వినిపిస్తున్నారు. నేనూ చదివాను. నీకు ఇక్కడ రాస్తున్నాను, మరిచిపోయావేమో.

"పంపు షాఫ్టులు విరగడానికి కారణం బెల్టును అతిగా బిగించడమే. కొన్ని రేవులలో స్థానిక మెకానిక్‌లు ఎటువంటి పరికరమూ వాడకుండా, బెల్టు మధ్యభాగాన్ని బొటనవేలితో నొక్కి చూసి బిగువు నిర్ణయిస్తున్నట్లు మా దృష్టికి వచ్చింది. ఇటువంటి అశాస్త్రీయ పద్ధతుల వల్ల కలిగే నష్టానికి కంపెనీ బాధ్యత వహించదు."

మీ దృష్టికి వచ్చిందట! ఎలా వచ్చిందిరా? ఈ రేవులో బొటనవేలితో బెల్టు చూసే మనిషి ఒక్కడే. ఆ సంగతి తెలిసి ఫ్యాక్టరీ గడప తొక్కిన మనిషీ ఒక్కడే. కొన్ని రేవులలో అని రాయడానికి చేతులెలా వచ్చాయి? ఆ వేలి కిందే కదా నీ వేలు పెట్టి, "ఇంత వంగాలి, అంతకు మించి వంగకూడదు" అని నీకు నేర్పించాడు.

నీ మీద కోపం కన్నా నాకు వేరే భయం ఎక్కువగా ఉంది. మీ బావ ఆ కాగితం మూడుసార్లు చదివాడు. నేను, "వాళ్లు తప్పించుకోవడానికి రాశారు, నువ్వు గాడి చూపించావు కదా" అన్నాను. ఆయన, "మనవాడున్న కంపెనీ అబద్ధమెందుకు రాస్తుంది? తప్పయితే వాడే చెప్పేవాడు కదా" అన్నాడు. తర్వాత బొటనవేలు చూసుకుంటూ, "వయసు పెరిగింది, మొద్దుబారిందేమో" అన్నాడు. ఇరవై ఆరేళ్ల పనిని ఒక్క కాగితం చూసి వదులుకున్నాడు.

నిన్నటి నుంచి తన చేతికి అందిన బెల్టులన్నీ వదులు చేస్తున్నాడు. మీరు చెప్పిన గేజీ ఈ చుట్టుపక్కల దొరకదు. అందుకని కాస్త ఎక్కువే వదిలితే మంచిదని వదులుతున్నాడు. చాలామంది ఆయన్ని బోటెక్కనివ్వడం మానేశారు. మన బోటు, చేపలబ్బాయిగారి బోటు, గొడుగు మామ బోటు మాత్రం మిగిలాయి. గొడుగు మామ, "నీ చెయ్యి తప్ప ఇంకో చెయ్యి నా ఇంజను మీద పడనివ్వను" అని పంతం పట్టాడు.

వదులు బెల్టు తడిస్తే జారుతుందని, జారితే పంపు తిరగదని ఆయనే నీకు నేర్పించాడు. నాకు కూడా తెలిసిన సంగతి అది. అందుకే సూటిగా అడుగుతున్నాను. తప్పు బెల్టుదా, షాఫ్టుదా? ఒక్క ముక్క రాయి. నీ మాటయితే ఆయన వింటాడు. నా మాట వినడం లేదు.

అక్క



ఫ్యాక్టరీ క్వార్టర్లు
సెప్టెంబరు 9

అక్కా,

నీ ఉత్తరం చదివి చాలా బాధపడ్డాను. నేను ఆ రోజు బావ గురించి గొప్పగానే చెప్పాను. ఆయన గొప్పవాడనే ఉద్దేశంతోనే రాసిచ్చాను. దాన్ని ఎక్కడ ఎలా వాడతారన్నది నా చేతిలో లేదు. సర్క్యులర్ రాసింది నేనొక్కడినే కాదు, దాని మీద నలుగురు సంతకాలు పెట్టారు. మా ఆఫీసులో ఒక మాట బయటికి రావాలంటే ఎన్ని బల్లలు దాటాలో నీకు తెలియదు. ఇక్కడ నేను మింగలేక కక్కలేక ఉన్నాను.

ఒక్క రెండు నెలలు ఓపిక పట్టండి. కొత్త లాటు షాఫ్టులు వస్తున్నాయి. వాటితో ఏ సమస్యా ఉండదని అనుకుంటున్నాను. ఇంతకన్నా నేను రాయకూడదు.

బెల్టు కొంచెం వదులుగా ఉన్నంత మాత్రాన నష్టమేమీ ఉండదులే. బావకు అన్నీ తెలుసు, చూసుకుంటాడు. నువ్వు అనవసరంగా కంగారుపడి ఆయన్ని కంగారు పెట్టకు.

తమ్ముడు



రేవు వీధి
అక్టోబరు 3

గొడుగు మామ పోయాడు.

సోమవారం పొద్దున్న ఎనిమిదింటికి తిరిగొస్తుంటే మొగ దగ్గర ఇంజను పట్టేసింది. ఒడ్డు మీద నుంచి అందరం చూస్తూనే ఉన్నాం. బోటు అడ్డం తిరిగింది. ఆయనతో ఉన్న నలుగురూ ఈదుకుని వచ్చారు. ఆయన డెబ్భై దాటిన మనిషి, ఎంతని ఈదుతాడు? మీ బావ మన బోటు వేసుకుని వెళ్లాడు గాని, వెళ్లేసరికి ఏమీ మిగల్లేదు. మధ్యాహ్నానికి మామ శవమై ఒడ్డుకొచ్చాడు.

మీ కంపెనీ నుంచి ఇద్దరు వచ్చారు. ఈసారి ఎంత తొందరగా వచ్చారో! బోటు పైకి లాగించి, అందరి ముందూ ఇంజను మూత తీశారు. షాఫ్టు విరగలేదు. నిక్షేపంలా ఉంది. బెల్టు మాత్రం వదులుగా వేలాడుతోంది. గేజీ పెట్టి చూపించి, ఫొటో తీసుకుని, "చూశారా, మేం చెబుతూనే ఉన్నాం, బిగించే చేతిలోనే ఉంది తప్పు" అన్నారు. బిగిస్తే బిగించావన్నారు, వదిలితే వదిలావన్నారు. ఎటు తిప్పినా తప్పు ఆ చేతిదే అయింది.

ఎవరూ మీ బావను తిట్టలేదు. తిడితే బాగుండేది. దారిచ్చి పక్కకు జరిగారు. మామ భార్య ఒక్కతే ఆయన మొహంలోకి చూసి, "నీ చెయ్యి తప్ప ఇంకో చెయ్యి వద్దన్నాడయ్యా" అంది. అంతే అంది.

నష్టమేమీ ఉండదులే అని నువ్వు రాసిన ఉత్తరం ఆయనకు చదివి వినిపించింది నేనే. ఆ పాపం నాది. నువ్వు రాసినదాంట్లో నాకు కావలసిన మాట లేదని తెలిసి కూడా వినిపించాను. తమ్ముడు రాశాడు కదా అనుకున్నాను.

పనిముట్ల పెట్టెకు తాళం వేసి తాళంచెవి నాకిచ్చాడు. అన్నం పెడితే తింటున్నాడు, పెట్టకపోతే అడగడం లేదు.

ఇప్పుడైనా చెప్పు. మనిషి పోయాడు, ఇంకా ఏం దాస్తావు?



ఫ్యాక్టరీ క్వార్టర్లు
అక్టోబరు 14

అక్కా,

ఈ ఉత్తరం నువ్వు ఒక్కదానివే చదువు. చదివి చించెయ్.

బావ చెప్పిందే నిజం. గాడి అడుగున మూల గుండ్రంగా ఉండాలి. డ్రాయింగులో అలాగే ఉంది. మార్చి నెలలో లేత్ మిషను మీద ఆ గాడి కోసే పనిముట్టు మార్చారు. కొత్తదానితో రెండు కోతలు పట్టే పని ఒక్క కోతలో అయిపోతుంది, గాడి మూల మాత్రం పదునుగా వస్తుంది. ఎవరూ పట్టించుకోలేదు. నువ్వు పంపిన నాలుగు ముక్కలు ల్యాబ్‌లో కోసి చూశారు. రిపోర్టు జూన్ ఆఖరుకే వచ్చింది. దాని నకలు మా బీరువాలోనే ఉంది. నేను చదివాను. అప్పటికే అటువంటి షాఫ్టులు వేలల్లో బయటికి వెళ్లిపోయాయి. అన్నీ వెనక్కి పిలిపిస్తే కంపెనీ పరువు పోతుందన్నారు. కొత్త లాటు వచ్చేదాకా ఏదో ఒక కారణం చెప్పమన్నారు. కారణం వాళ్లకు వెతుక్కునే పని లేకుండా నేనే రాసిచ్చాను కదా. సర్క్యులర్ చిత్తుప్రతి నాతోనే రాయించారు. రాశాను. బొటనవేలి మాట కొట్టేద్దామని అనుకున్నాను. మేనేజరు అదే బాగుందన్నాడు.

జులైలో నువ్వు గోరు పట్టుకుంటోందని రాసినప్పుడు బీరువా తెరిచి ఆ రిపోర్టు మళ్లీ తీసి చూశాను. లోహాల చదువు చదువుకున్న మెటలర్జిస్టు రాసిన మాటే బావ కళ్లతో చూసి చెప్పాడు. ఆ రోజే రాసి ఉండాల్సింది. రాస్తే ఉద్యోగం పోతుంది. పదిహేను రోజుల్లో నన్ను పర్మనెంట్ చేస్తున్నారు. అక్కా, నేను ఎవరినీ చంపాలనుకోలేదు. నాలుగు బెల్టులు వదులైతే ఏమవుతుందిలే, కొత్త లాటు వచ్చేస్తుంది కదా అనుకున్నాను. అంతకంటే నా దగ్గర చెప్పడానికేమీ లేదు.

బావకు ఇక్కడ ఫ్యాక్టరీలోనే ఏదైనా పని చూస్తాను. మాట్లాడి ఉంచాను. మీరిద్దరూ వచ్చేయండి. ఆ రేవులో ఇంక ఉండొద్దు.

తమ్ముడు



రేవు వీధి
అక్టోబరు 24

తమ్ముడికి,

నీ ఉత్తరం చించలేదు.

చదివాక ఒక పూటంతా ఆలోచించాను, ఆయనకు చెప్పాలా వద్దా అని. చెప్పకపోతే జీవితాంతం తన చెయ్యి పాడైందని అనుకుంటాడు. చెబితే బాగున్న చేతిని తానే పాడు చేసుకున్నానని అనుకుంటాడు. రెండింట్లో ఏది తక్కువ బాధో నాకు తెలియలేదు. చివరికి నిజం ఆయనదే కదా, నాది కాదు కదా అని ఉత్తరం చేతిలో పెట్టాను.

చదివి మడతపెట్టాడు. "అయితే మామ బెల్టు ముందున్నట్టే ఉంచినా సరిపోయేది" అన్నాడు. ఉత్తరం నాకు తిరిగిచ్చి, "ఇది ఎవరికీ చూపించకు, వాడి ఉద్యోగం పోతుంది" అన్నాడు. అవునురా, అదే అన్నాడు. నువ్వు వేలెత్తి చూపించిన మనిషి నీ ఉద్యోగం గురించి ఆలోచించాడు. ఆ సాయంత్రమే మామ ఇంటికి వెళ్లి, ఆయన భార్య ముందు గుమ్మంలో నిలబడి, "బెల్టు వదులు చేసింది నేనే, నా తప్పే" అని చెప్పి వచ్చాడు. నీ ఊసు గాని, కంపెనీ ఊసు గాని ఎత్తలేదు. తప్పంతా తనే మోసుకుంటానంటున్నాడు. మోయగలడు కూడా. మోస్తూ మోస్తూ పోతాడు.

నేను మోయలేను. ఆయనంత మంచిదాన్ని కాను.

ఇవాళ ఐస్ ఫ్యాక్టరీ షెడ్డులో అందరినీ కూర్చోబెట్టాను. నీ ఉత్తరం మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా చదివి వినిపించాను. మామ భార్యను ముందు వరసలో కూర్చోబెట్టాను. మధ్యలో నేను ఆగితే చేపలబ్బాయిగారు అందుకుని చదివాడు. "నేను ఎవరినీ చంపాలనుకోలేదు" అన్న మాట దగ్గర ఎవరో నవ్వారు. ఎవరో చూడాలనిపించలేదు. మీ బావ రాలేదు. నేను వెళ్తుంటే గుమ్మంలో అడ్డం నిలబడ్డాడు. పెళ్లయిన ఈ పదహారేళ్లలో మొదటిసారి ఆయన్ని పక్కకు నెట్టి వెళ్లాను. తిరిగొచ్చేసరికి గోడవైపు తిరిగి పడుకున్నాడు. నాతో మాట్లాడడం లేదు. మళ్లీ ఎప్పుడు మాట్లాడతాడో తెలియదు.

పదకొండు షాఫ్టులూ విప్పించి నీళ్ల డ్రమ్ములో పడేశాం. మంచి షాఫ్టులు వచ్చేదాకా ఏ బోటూ మొగ దాటకూడదని అందరూ సంతకాలు చేశారు. తిండి దొరికినా దొరక్కపోయినా అంతే. మిగతా రేవులకు మనుషుల్ని పంపుతున్నారు. అక్కడి పడవలకు కూడా ఈ షాఫ్టులే ఉన్నాయి, అక్కడ కూడా ఎవరో మెకానిక్ గోడ మీది కాగితం చదివి తన చేతిని తాను తిట్టుకుంటూ ఉంటాడు.

నీ ఉత్తరానికి నకళ్లు తీయించారు. ఒకటి మీ కంపెనీ పెద్దలకు, ఒకటి ప్రమాదం విచారిస్తున్న అధికారికి, ఒకటి పత్రికకు. ఎల్లుండి పొద్దున్న పోస్టులో పడతాయి. అసలు ఉత్తరం మామ భార్య దగ్గర ఉంది. ఆమె అడిగి తీసుకుంది.

ఫ్యాక్టరీలో పని చూస్తానన్నావు. వద్దు. నీకు పని పోయాక ఎక్కడికి వెళ్లాలో తెలియకపోతే ఇక్కడికి మాత్రం రాకు. నేను తలుపు తియ్యను. ఆయన తీస్తాడు, అది నేను చూడలేను.

ఎల్లుండి వేసేవి నీకు తెలియకుండా వెయ్యాలనిపించలేదు. అందుకే ఈ ఉత్తరం ఇవాళే వేస్తున్నాను, నీకు రెండు రోజులు ముందుగా తెలుస్తుంది. గొడుగు మామకు నువ్వు ఆ రెండు రోజులు కూడా ఇవ్వలేదు.

అక్క